రేవు మెట్టు

కేరళలోని కొచ్చి మ్యాపులో చూస్తే ఎర్నాకుళం, ఫోర్ట్ కొచ్చి ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో కాస్త నీలం. ఆ నీలాన్ని తప్పించుకుని కారులో వెళ్లాలంటే దక్షిణంగా దిగి, వెల్లింగ్డన్ దీవి మీదుగా తోప్పుంపడి వైపు దాటి, ఇరుకు రోడ్ల మీద చుట్టు తిరిగి రావాలి. ఆ దీవి కూడా దేవుడిచ్చింది కాదు. ఓడరేవు లోతు చేసేటప్పుడు తవ్వితీసిన మట్టితో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు వేయించినది. సాయంత్రం పూట రోడ్డు మీద గంట పట్టినా ఆశ్చర్యం లేదు. పడవలో అయితే నేరుగా ఇరవై నిమిషాలు. చవకైన ప్రయాణమే దగ్గర దారి కూడా అయిన ఊళ్లు మన దేశంలో ఎన్నో లేవు.

మనవైపు నుంచి వెళ్లేవాళ్లు మున్నార్, అలెప్పీ ప్యాకేజీలో కొచ్చిని ఒక పూటకు కుదించేస్తారు. టాక్సీ కిటికీలోంచి చూసి వచ్చేస్తారు. నేను వెళ్లింది డెబ్బై దాటిన అమ్మతో. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆ ఊళ్లో దేనిలో తిరగాలి, ఎప్పుడు తిరగాలి అన్నది నాకు ఆవిడ కాళ్లే నేర్పాయి.

రైల్లో వెళ్లేవాళ్లు ముందు చూసుకోవలసింది స్టేషను పేరు. ఎర్నాకుళంలో రెండున్నాయి. జంక్షన్‌ని సౌత్ అనీ, టౌన్‌ని నార్త్ అనీ అంటారు. సికింద్రాబాద్ నుంచి వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్ ఆగేది నార్త్‌లో. బస సౌత్ దగ్గర తీసుకున్నా కంగారు పడనక్కర్లేదు. నార్త్ పక్కన టౌన్ హాల్ మెట్రో స్టేషను, సౌత్ పక్కన ఎర్నాకుళం సౌత్ మెట్రో స్టేషను ఉన్నాయి. విమానాశ్రయం మాత్రం ఊరికి దూరంగా నెడుంబశ్శేరిలో ఉంది. మెట్రో అక్కడిదాకా పోదు. బస్సులో ఆలువా చేరి అక్కడ మెట్రో ఎక్కితే ఊరి ట్రాఫిక్ అంతా కాళ్ల కిందే ఉండిపోతుంది. 2017లో మొదలైన ఈ మెట్రో ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చి మొదట్లోనే పేరు తెచ్చుకుంది. అమ్మకు మాత్రం అక్కడ లిఫ్టు నచ్చింది. ప్లాట్‌ఫారానికీ పెట్టె గుమ్మానికీ ఎత్తు సమానంగా ఉండటం ఇంకా నచ్చింది.

సిటీ బస్సు పెద్దవాళ్లకు పనికిరాదని నా అభిప్రాయం. మెట్లు ఎత్తు, బోర్డులు చాలావాటికి మలయాళంలోనే ఉంటాయి, కూర్చునేలోపే బండి కదులుతుంది. ఒంటరిగా తిరిగే కుర్రాళ్లయితే హాయిగా ఎక్కవచ్చు. కండక్టరుకి దిగాల్సిన చోటు పేరు చెబితే దింపుతాడు. ఆటో మెట్టు తక్కువ, మోకాలికి మంచిది. మీటరు వేయమని ముందే అడగాలి. రాత్రి పది దాటితే రేటు పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

ఇక పడవ. అమ్మది గోదావరి ఒడ్డు. లాంచీలెక్కి పుట్టింటికి వెళ్లొచ్చిన మనిషి. కానీ 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన నాటినుంచి ఆవిడ పడవ మాట ఎత్తనివ్వదు.

"ఒద్దు నాన్నా, ఎంత చుట్టైనా సరే కారులోనే పోదాం," అంది.

"ఎక్కొద్దులే అమ్మా. రేవు దగ్గర కూర్చుని ఊరికే చూద్దాం రా," అన్నాను.

ముందు ఎర్నాకుళం పాత బోటు జెట్టీకి వెళ్లాం. రాష్ట్ర జల రవాణా శాఖ బోట్లు నడిచేది అక్కడినుంచే. టికెట్టు చిల్లర డబ్బులతో అయిపోతుంది. ఆఫీసులకు, బడులకు వెళ్లే జనం ఏళ్లుగా వాటినే నమ్ముకున్నారు. బోటు వచ్చి గట్టుకు ఒరిగింది. దానికీ గట్టుకీ మధ్య జానెడు సందు, కిందా మీదా ఊగుతోంది. అలవాటున్నవాళ్లు అడుగు లెక్కబెట్టినట్టు దాటేశారు. అమ్మ తల అడ్డంగా ఊపింది.

అక్కడినుంచి హైకోర్టు దగ్గరున్న వాటర్ మెట్రో టెర్మినల్‌కి తీసుకెళ్లాను. 2023 ఏప్రిల్‌లో మొదలైంది ఇది. బోట్లు కొచ్చిన్ షిప్‌యార్డులో కట్టినవి, బ్యాటరీతో నడుస్తాయి, డీజిల్ కంపు లేదు. బోటుకు వందమంది, అంతే. గేటు దగ్గరే లెక్క ఆగిపోతుంది. అమ్మ బల్ల మీద కూర్చుని వచ్చే బోట్లనీ పోయే బోట్లనీ చాలాసేపు చూసింది. చక్రాల కుర్చీలో ఒకాయన వచ్చాడు. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ పట్టుకోలేదు. కుర్చీ దొర్లుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

"మెట్టు లేదేవిట్రా?" అంది.

లేదు. గట్టే తేలుతుంది కాబట్టి. బోటు ఆగే వేదిక నేలకు పాతింది కాదు. పోటుకు నీళ్లతో పాటు లేస్తుంది, ఆటుకు దిగుతుంది. దాని ఎత్తుకు సరిపడేలా బోటు లోపలి నేలను కట్టారు. సముద్రం పక్కనున్న రేవులో నీటిమట్టం రోజంతా మారుతూనే ఉంటుంది. గట్టు కదలకపోతే ఆ తేడా అంతా ప్రయాణికుడి మోకాలు మోయాలి. ఇక్కడ ఆ బరువును వేదిక తీసుకుంది. నేను వివరించడం పూర్తి కాకముందే అమ్మ లేచి చీర కొంగు దోపుకుంది.

ఫోర్ట్ కొచ్చి టెర్మినల్ 2024లో తెరిచారు. టికెట్టుకు ఇద్దరికీ కలిపి వంద కూడా కాలేదు. ఆదివారాలు, సెలవు రోజులు మాత్రం వరుసలు బారెడుంటాయి. మామూలు రోజున, ఉదయం పది తర్వాత వెళ్తే మంచిది. పొద్దున్నే పనులకు పోయేవాళ్ల సీట్లు మన ఫొటోల కోసం తీసుకోవడం నాకు మనసొప్పదు.

దిగాక చీనా వలలు, వాస్కో డ గామాను మొదట పాతిపెట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి నడకదూరంలోనే. మట్టాంచేరికి ఆటో. శుక్రవారం వెళ్లకండి. 1568 నాటి యూదుల ప్రార్థనామందిరం, దాని పక్కనున్న డచ్ ప్యాలెస్ రెండూ ఆ రోజు మూసి ఉంటాయి. ప్రార్థనామందిరం శనివారం కూడా తెరవరు.

ఫోర్ట్ కొచ్చి నుంచి వైపిన్ దీవికి దాటడానికి రో-రో ఉంది. అంటే మన నర్సాపురం పంటే, ఇంకాస్త పెద్దది. తలుపు గట్టు మీదికి వాలుతుంది, ముందు బండ్లు, తర్వాత కార్లు, పక్కల్లోంచి చేపల గంపలతో ఆడవాళ్లు. ఐదు నిమిషాల్లో అవతలి ఒడ్డు. ఈ కాలువలోనే 2015 ఆగస్టులో ఒక చేపల బోటు వచ్చి ప్రయాణికుల పడవను ఢీకొట్టింది. 11 మంది పోయారు. 2023 మేలో మలప్పురం జిల్లా తానూర్‌లో జనాన్ని కుక్కిన విహార పడవ తిరగబడి 22 మంది పోయారు. అందుకే చెబుతున్నాను. నీటి మీద నమ్మదగినది ఏదంటే, గేటు దగ్గర మనుషులను లెక్కపెట్టేది, లైఫ్ జాకెట్టు కంటికి కనబడేది. ఒడ్డున పిలిచి బేరమాడే పడవలో తలలు ఎక్కువనిపిస్తే ఇచ్చిన డబ్బు వదులుకునైనా దిగిపోవాలి.

జూన్ నుంచి వానలు. అక్టోబరు, నవంబరుల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములు. నీటి పనులు మధ్యాహ్నంలోపే ముగించుకోవాలి. వానల తర్వాత గుర్రపుడెక్క కొట్టుకొచ్చి కాలువలకు అడ్డుపడి బోట్లు ఆలస్యం కావచ్చు. ఎండాకాలం ఉప్పునీరు లోపలికి ఎక్కాక అదే చచ్చిపోతుంది. ముందురోజు రాత్రి హర్తాళ్ వార్త ఉందేమో చూసుకోండి. ఆ రోజు బస్సులు, ఆటోలు ఆగినా రైళ్లు నడుస్తాయి.

తిరుగు ప్రయాణంలో అమ్మ మాట్లాడిందంతా మన రేవుల గురించే. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి దాటే వశిష్ఠ గోదావరి కూడా అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసేదే. అక్కడా ఆటుపోట్లున్నాయి, అక్కడా గట్టు ఎత్తుగా మిగిలి పంటు కిందికి దిగే వేళలున్నాయి. వంతెన కోసం తరాలుగా అడుగుతున్నారు. అది రావాలి. వచ్చేదాకా మాత్రం రోజూ దాటేవాళ్లలో అమ్మ వయసువాళ్లున్నారు, నెలలు నిండినవాళ్లున్నారు, చంకన పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లున్నారు. వాళ్లకు ఇప్పుడు కావలసింది నీటితో పాటు లేచి దిగే తేలే గట్టు, గేటు దగ్గర ఒక లెక్క, ఎక్కినవాళ్లందరికీ సరిపడా జాకెట్లు.