హాలీ అఖాతంలో తండ్రుల ఉపవాసం

అంటార్కిటికాలో వెడెల్ సముద్రపు అంచున హాలీ అఖాతం ఉంది. శీతకాలంలో అక్కడ వారాల తరబడి సూర్యుడు ఉదయించడు. సరిగ్గా ఆ కాలంలోనే ఎంపరర్ పెంగ్విన్‌లు సముద్రంపై గడ్డకట్టిన మంచు మీద సంతానాన్ని కంటాయి.

తల్లి ఒకే గుడ్డు పెట్టి, దానిని తండ్రి పాదాలపైకి చేర్చి, ఆహారం కోసం సముద్రానికి వెళుతుంది. గూడు కట్టడానికి అక్కడ గడ్డిపరకైనా లేదు. తండ్రి పాదాలే గూడు, పొట్ట కింది చర్మపు మడతే దుప్పటి. సుమారు 65 రోజులు తండ్రి గుడ్డును పొదుగుతుంది. జతకట్టిన నాటి నుండి లెక్కిస్తే దాదాపు నాలుగు నెలలు దానికి ఆహారం ఉండదు. బరువులో సగానికి దగ్గరగా తరిగిపోతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో తండ్రులన్నీ ఒకదానికొకటి ఆనుకొని నిలబడతాయి. అంచున ఉన్నవి లోపలికి, లోపలివి అంచుకు మెల్లగా జరుగుతూ వెచ్చదనాన్ని పంచుకుంటాయి. తల్లి రాక ఆలస్యమైతే, పస్తున్న ఆ తండ్రే తన గొంతులో ఊరే పాలవంటి పదార్థంతో పిల్ల ఆకలి తీరుస్తుంది.

అయితే ఈ ఓర్పు ఫలించాలంటే కాళ్ల కింది మంచు డిసెంబరు వరకు నిలవాలి. అంతవరకు పిల్లలకు నీరు చొరని ఈకలు రావు. 2016లో తుఫానుల ధాటికి హాలీలోని మంచు అక్టోబరులోనే విరిగిపోయింది. ఆ ఏటి పిల్లలు దాదాపు అన్నీ నశించాయి. తరువాతి రెండేళ్లూ అక్కడ సంతానం నిలవలేదు. పెద్ద పక్షులలో అనేకం దక్షిణాన ఉన్న డాసన్-లాంబ్టన్ హిమానీనదం వద్దకు తరలిపోయాయి.

గుడ్డును చలి నుండి కాపాడటం ఆ తండ్రికి తెలుసు. భూమి వేడెక్కకుండా ఆ మంచును కాపాడే బాధ్యత మాత్రం మానవులదే.