వలయవీథిలో ఒక దినము

పరదేశమునకు పోయి వచ్చినవారు అచ్చటి మేడల యెత్తును, అంగళ్ల సొగసును వర్ణించుట వాడుక. నేనును కొంత వర్ణింపక తప్పదు. గాని నేను ముఖ్యముగా చెప్పదలచినది, వియన్నా నగరమున ఒక వసంతదినమున నేనును నా భార్యయు చేసిన కాలినడకను గూర్చియు, ఆ నడకలో నాకు కలిగిన సిగ్గును గూర్చియు.

మా కుమార్తె అచ్చట పరిశోధన చేయుచున్నది. ఏప్రిలు మాసాంతమున ఆమెను చూడబోయితిమి. ఒకనాటి యుదయమున ఆమె పనికి పోవుచు రెండు ట్రాము టిక్కెట్లు మా చేతికిచ్చి, ఊరంతయు చుట్టి రమ్మని చెప్పెను. వీథిలోనికి వచ్చిన పిమ్మట నా భార్య ఆ టిక్కెట్లను చేతిసంచిలో దాచి, "నడుద్దామండీ. మన ఊళ్లో బజారుకీ గుడికీ తప్ప నేను ఎక్కడికి నడిచాను గనుక?" అనెను. సరే యంటిని.

1869లో తెరచిన గొప్ప సంగీతనాటకశాల యొద్దనుండి బయలుదేరితిమి. దాని ముందునుండి పోవునదే రింగ్‌స్ట్రాసె, అనగా వలయవీథి. పాత నగరమును చుట్టుకొనిన యీ వీథి అయిదు కిలోమీటర్లకు పైగా పొడవు గలది. వెడల్పు 57 మీటర్లు. ఇరుప్రక్కల చెట్ల వరుసలు అప్పుడే లేతాకు తొడిగి, క్రింద నడచువారిపై పలుచని నీడను పరచుచుండెను. ఎండ యున్నను గాలిలో చలి పోలేదు.

ఈ వీథి యున్నచోట పూర్వము కోటగోడ యుండెను. 1529లోను 1683లోను తురుష్కసైన్యములు ముట్టడించినప్పుడు నగరమును కాపాడినది ఆ గోడయే. గోడకు వెలుపల ఇండ్లు కట్టనీయక విడిచిన బయలు. ఆ బయలునకు ఆవల శాఖానగరములు. శత్రుభయము తీరిన తరువాత గోడ మిగిలినది. లోపలి జనమునకు ఇరుకు మిగిలినది. తుదకు 1857 డిశంబరులో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి గోడను పడగొట్టుడని యాజ్ఞాపించెను. 1865 మే 1వ తేదీన వీథిని ప్రారంభించిరి. ఒకప్పటి రక్ష పిమ్మట బంధనమగుటయు, దానిని తొలగించుటకు గట్టి యాజ్ఞ కావలసివచ్చుటయు మన యాచారములలోను చూచుచున్నదే గదా యని నాలో నేననుకొంటిని.

ఈ సంగతులన్నియు నా భార్యకు చెప్పవలెనని తిరిగి చూచితిని. ఆమె నాలుగడుగులు వెనుకనుండెను. ఆగి చెప్పి, మరల నడచితిని. మరల తిరిగి చూచునప్పటికి మరల నాలుగడుగుల దూరము. పదిమంది ప్రక్కప్రక్కన నడువదగిన బాట యది. "ఎందుకు వెనుకబడుచున్నావు?" అని యడిగితిని. "అలవాటండీ" అని నవ్వెను. నేనును నవ్వితిని.

రాజప్రాసాదము ముందరి వీరుల మైదానమున లైలాకు పొదలు ఊదారంగు పూలతో నిండియుండెను. ఆమె ఒక కొమ్మను వంచి వాసన చూచెను. ఆ మైదానముననే 1938 మార్చి 15వ తేదీన, జర్మనీ సైన్యములు ఆస్ట్రియాను ఆక్రమించిన మూడవనాడు, హిట్లరు ప్రాసాదపు మేడపైనుండి ప్రసంగింపగా అసంఖ్యాకమగు జనము జయజయధ్వానములు చేసెను. గోడలు తీసినచోట బయలు ఏర్పడును. ఆ బయలులో ఏమి పలుకవలెనో, దేనికి చేతులెత్తవలెనో మనుష్యులే తేల్చుకొనవలెను.

మరికొంత దూరమున పార్లమెంటు భవనము. గ్రీకు దేవాలయమువలె స్తంభములతో హాన్‌సెన్ అను శిల్పి నిర్మించినది. ముందర విద్యాధిదేవత యగు ఎథీనా విగ్రహము నిలిచియున్నది. ఆ స్త్రీమూర్తిని వాకిట నిలిపిన కాలమున స్త్రీలకు వోటు లేదు. 1867నాటి చట్టము స్త్రీలను రాజకీయసంఘములలో చేరనీయలేదు. 1911 మార్చి 19వ తేదీన ఇంచుమించు 20,000 మంది, స్త్రీలును పురుషులును కలిసి, వోటు కావలెనని యీ వలయవీథి వెంటనే నడచిరి. 1918లో వోటు వచ్చెను; 1919లో ఎనమండుగురు స్త్రీలు శాసనసభలో ప్రవేశించిరి. నేనీ మాట చెప్పగా నా భార్య, "అయితే వాళ్లూ నడిచే తెచ్చుకున్నారన్నమాట" అనెను.

పిదప విశ్వవిద్యాలయము. లోపలి ప్రాంగణమునకు చుట్టును కమానులు. వాని క్రింద 150కి పైగా పండితుల ప్రతిమలు, అందరును పురుషులే. నడుమ నీటికుండముపై పాలరాతి స్త్రీ యొకతె కూర్చున్నది. జ్ఞానపు ఊటను కాచు కాస్టాలియా యట. సరస్వతిని పూజించుచు ఆడుపిల్లను బడికి పంపని యిండ్లు నాకు జ్ఞప్తికి వచ్చినవి. 2016లో మాత్రమే ఏడుగురు విదుషీమణులకు అచ్చట స్మారకములు వెలసినవి. వారిలో ఎలీజె రిక్టర్ ఒకరు. వలయవీథి తెరచిన 1865లోనే ఆమె పుట్టినది. 1897లో ఈ విద్యాలయపు తలుపు స్త్రీలకు తెరవగా తొలుత ప్రవేశించినవారిలో ఆమె యుండెను. 1907లో ఇచ్చట బోధనాధికారము పొందిన మొదటి స్త్రీ యయ్యెను. 1938లో యూదుజాతి స్త్రీ యని ఆమెను వెడలగొట్టిరి. 1942లో అక్కగారితో కూడ నిర్బంధశిబిరమునకు పంపిరి. మరుసటి యేడు అచ్చటనే మరణించెను.

నా భార్య చాలసేపు ఆ స్మారకము ముందు నిలిచి, "ముప్పై రెండేళ్లు వచ్చేదాకా తలుపు బయట నిలబడిందన్నమాట" అనెను. ఇంకేమియు అనలేదు.

ఆ మాటకు నా కాళ్లు సాగలేదు. ప్రాంగణమున ఒక ఆసనముపై కూర్చుంటిని. వివాహమునాటికి ఆమె ఇంటర్మీడియెటు చదివినది. తరువాత ప్రైవేటుగా బి. ఏ. పరీక్షకు పోదలచి పుస్తకములు తెప్పించుకొనెను. రుసుము కట్టవలసిన గడువు దినమున నేను కట్టలేదు. పిల్ల చిన్నది, మా అమ్మకు జబ్బు, మరుసటి యేడు చూతమంటిని. ఆ మరుసటి యేడు రానేలేదు. ఆ నెలలోనే, ఏప్రిలు 16వ తేదీన, వీరేశలింగము పంతులుగారి జయంతి సభలో స్త్రీవిద్యను గూర్చి గంటసేపు ఉపన్యసించితిని. 1874లో ధవళేశ్వరమున ఆయన బాలికాపాఠశాల పెట్టిన కథ చెప్పగా చప్పట్లు మ్రోగినవి. ఆ సభకు నా ఉత్తరీయమును ఇస్త్రీ చేసి యిచ్చినది ఆమెయే.

"ఆనాడు నీ పరీక్షకు డబ్బు కట్టకపోవుట తప్పు" అంటిని. నలువది యేండ్లలో ఆ మాట అనుట అదే మొదలు.

"తెలుసండీ" అనెను ఆమె. క్షమించితిననలేదు, నిష్ఠురమును ఆడలేదు. కొంతసేపటికి, "ఆ పుస్తకాలు అటక మీద ఇంకా ఉన్నాయి. ఇంటికి వెళ్లాక దింపి పెట్టండి" అనెను.

"దింపి యేమి చేసెదవు?"

"చదువుతాను. పరీక్ష సంగతి తరవాత."

తిరుగుదారిని ఆమె ముందు నడచెను. వెనుకనుండి నడచుట యెంత కష్టమో నాకప్పుడు తెలిసినది: ముందువారు ఎప్పుడు ఆగుదురో, ఏ మలుపు తిరుగుదురో మనకు తెలియదు, వారి వీపును చూచుచు పోవలసినదే. కొంతదూరము పోయిన పిమ్మట, ప్రక్కకు రావచ్చునా యని నేనే యడిగితిని. ఆమె కొంచెము జరిగి చోటిచ్చెను. టిక్కెట్లు చేతిసంచిలోనే మిగిలిపోయినవి.

చదువరులారా, రాతిగోడను పడగొట్టుటకు చక్రవర్తి యాజ్ఞ చాలినది. ఇంటిలోని గోడకు ఆజ్ఞ యిచ్చువాడు వేరొకడు లేడు, కట్టినవాడే పడగొట్టవలెను. సభలలో నావలె ఉపన్యసించువారు, ఇంటికి పోవు దారిలో ఒకసారి వెనుకకు తిరిగి చూతురు గాక. ఇల్లు చేరిన మరునాడే నేను నిచ్చెన వేసి అటక యెక్కితిని. పుస్తకములకు చెద పట్టలేదు. ఆమె వానిని ఏటేట దించి దులిపి మరల పెట్టుచుండెనని అప్పుడు తెలిసినది.