బాదామి యాత్రకు ఆడవాళ్లు వేసిన మార్కులు

బనశంకరి జాతర ముగిసి జనం పలచబడ్డాక, షోలాపూర్ పూర్వభాగ్‌లోని మా గల్లీవాళ్లం ఒక మినీబస్సు మాట్లాడుకుని విజయపుర, బాదామి, బనశంకరి, పట్టదకల్లు చూసి వచ్చాం. రెండు పగళ్లు, ఒక రాత్రి. కార్ఖానాకు నాగా పెట్టి మొగోళ్లం, బీడీల లెక్క ముందే అప్పజెప్పి ఆడోళ్లు బయల్దేరాం. ఖర్చులో సగం ఆడవాళ్లు బీడీ పైసలతో వేసుకున్న చిట్టీలోంచే వచ్చింది.

షోలాపూర్ నుంచి విజయపుర సుమారు 100 కిలోమీటర్లు. తెల్లారకముందే బస్సెక్కితే ఎండ ముదరకముందే గోల్ గుంబజ్ చేరొచ్చు. మహమ్మద్ ఆదిల్ షా సమాధి అది. 17వ శతాబ్దంలో కట్టారు. నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా అంత పెద్ద గుమ్మటం నిలబడి ఉంది. మూల బురుజులోని సన్నటి మెట్లెక్కి పైకి పోతే గుండ్రటి వరండా వస్తుంది. ఇటు గోడ దగ్గర మెల్లగా అన్న మాట అటు చివర చెవికి వినబడుతుంది. పిల్లలు అక్కణ్నుంచి కదలలేదు.

బాదామిలో ఎర్రరాతి కొండను తొలిచిన నాలుగు గుహలున్నాయి. మూడో గుహలో క్రీ.శ. 578 నాటి శాసనం ఉంది. ఎదురుగా అగస్త్య తీర్థం. మెట్లు కొంచెం నిట్రం, పెద్దవాళ్లు పొద్దున్నే ఎక్కితే మేలు. అక్కడికి 5 కిలోమీటర్ల దూరంలో బనశంకరి అమ్మవారు, మన నేతవాళ్లలో దేవాంగులకు కులదేవత. పట్టదకల్లులో విరూపాక్ష గుడిని కట్టించింది ఒక రాణి, లోకమహాదేవి. భర్త విక్రమాదిత్యుడు కంచి మీద గెలిచినందుకు గుర్తుగా 8వ శతాబ్దంలో కట్టించిందట. ఈ సంగతి వినగానే మా ఆడవాళ్లు గుడి చుట్టూ ఇంకోసారి తిరిగి వచ్చారు.

తిరుగు ప్రయాణంలో నేనొక పని చేశాను. వచ్చేసారికి పనికొస్తుందని అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి బస్సు, లాడ్జి, తిండి, మనుషుల మర్యాద, వీటికి పదికి ఎన్ని మార్కులో వేయమన్నాను. మొగోళ్ల కాగితాలు పది నిమిషాల్లో వచ్చాయి. అన్నీ ఎనిమిదులు, తొమ్మిదులు. ఆడవాళ్లు మాత్రం ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకుంటూ చాలాసేపు తీసుకున్నారు.

రాత్రి దిగిన లాడ్జికి నేను ఎనిమిది వేశాను. మా ఇంటామె రెండు వేసింది.

"వేన్నీళ్లు వచ్చినయి, పరుపు మంచిగున్నది, కిరాయి తక్కువ. ఇంకేం కావాలె?" అన్నాను.

"బాత్రూమ్‌కు గొళ్లెం లేదు," అన్నది. "నేను స్నానం చేస్తుంటే వదిన తలుపు పట్టుకున్నది. వదిన చేస్తుంటే నేను పట్టుకున్న. వరండాల లైటు లేదు. రాత్రి పిల్ల లేస్తే ఇద్దరం కలిసి పోయినం."

నేనూ అదే బాత్రూమ్‌లో స్నానం చేశాను. గొళ్లెం ఉందో లేదో నాకు తెలియనే తెలియదు.

దారిలో తిన్న హోటల్‌కు మేం తొమ్మిది, వాళ్లు అయిదు. తిండిలో లోపం లేదట. సర్వర్ వచ్చి ఆడవాళ్లు ఏం తింటారో కూడా మొగోళ్లనే అడిగాడట. ఇంకో సంగతి కూడా బయటపడింది. వాళ్లలో చాలామంది పొద్దంతా రెండు గుటకల కంటే ఎక్కువ నీళ్లు తాగలేదు. "తాగితే యాడికి పోవాలె? బస్సు ఆగేది మీ చాయ్ కోసం. అక్కడ మాకు చాటు లేదు," అన్నది వదిన. ఇంటికొచ్చాక ఒక చెల్లెలు మూత్రంలో మంటతో, జ్వరంతో పడుకుంది. నాలుగు రోజులు బీడీలు చుట్టలేదు. ఆ కూలి పోయినట్టే.

అట్లని ఆడవాళ్లు అన్నిటికీ వంకలు పెట్టేవాళ్లు కాదు. బనశంకరి గుడి దగ్గర గంపలు పెట్టుకుని జొన్నరొట్టెలు, చట్నీ, పెరుగు అమ్మే అమ్మలుంటారు. అక్కడ నేల మీద కూర్చుని తినాలి. మేం ఆరు వేశాం. ఆడవాళ్లు అందరూ పదికి పది. ఎందుకని అడిగితే, "ఆమె పిల్లలకు ముందు పెట్టింది. ఇంకో రొట్టె తినమని అడిగింది. టాయిలెట్ యాడున్నదో అడగకముందే చూపించింది," అన్నారు.

లాడ్జి ఖాళీ చేసేటప్పుడు యజమాని "అంతా బాగుందా?" అని అడిగిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. అడిగింది పైసలు కట్టిన నన్ను. "మస్తుగున్నది" అని నేను చెప్పొచ్చాను. పక్కనే నిలబడ్డ మా ఇంటామెను ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. ఆ తలుపుకు ఇప్పటికీ గొళ్లెం ఉండకపోవచ్చు. లోపం ఉందని ఆయనకు చెప్పినవాళ్లెవరు?

అందుకని వచ్చే శ్రీశైలం యాత్రకు మేం కొన్ని మాటలు అనుకున్నాం. మీ గల్లీవాళ్లకూ పనికొస్తాయని రాస్తున్నాను. లాడ్జి మాట్లాడటానికి ఇద్దరు ఆడవాళ్లు కూడా రావాలి. అడ్వాన్సు ఇచ్చేముందు బాత్రూమ్ గొళ్లెం, నీళ్లు, వరండా లైటు చూడాలి. రెండు గంటలకోసారి బస్సు ఆపాలి, అదీ టాయిలెట్ ఉన్న పెట్రోల్ బంకు దగ్గర. బంకుల్లో మంచినీళ్లు, టాయిలెట్ ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఉంది, మొహమాటం లేకుండా అడగొచ్చు. ఎట్లా ఉందని ఎవరడిగినా జవాబు మొదట ఆడవాళ్లు చెప్పాలి.

బస్సు దిగేటప్పుడు మా పెద్దత్త "నా పైసలు నేనిచ్చి ఇన్ని తిప్పలు పడ్డ. ఇగ నేను రాను," అన్నది. మొన్న ఈ మాటలన్నీ చదివి వినిపించాను. కాసేపు బీడీ ఆకు కత్తిరిస్తూ కూర్చుని, తర్వాత పేరు రాసుకోమంది. గొళ్లెం మాత్రం తానే వేసి చూస్తుందట.