తూటాకు లొంగలేదు... బీరువాకు లొంగుతోంది!

అది 1970 ప్రాంతం. కంబోడియాలో యుద్ధం జరుగుతోంది. బ్రిటన్‌కు చెందిన పత్రికా ఫొటోగ్రాఫర్ డాన్ మెకలిన్ కాల్పుల మధ్య ఫొటోలు తీస్తున్నాడు. ఎక్కడి నుంచో ఏకే-47 తూటా ఒకటి దూసుకొచ్చింది. అది తగిలింది మెకలిన్‌కు కాదు, ఆయన దగ్గరున్న నికాన్ ఎఫ్ కెమెరాకు! దెబ్బ కెమెరా తిన్నది, మనిషి బతికాడు. ఆ కెమెరాను ఆయన పారేయలేదు. 2019లో లండన్‌లోని టేట్ బ్రిటన్‌లో ఆయన ఫొటోల ప్రదర్శన పెట్టినప్పుడు, ఫొటోలతో పాటు ఆ గాయపడ్డ కెమెరానూ జనం చూశారు.

అక్కడ కెమెరా మనిషిని కాపాడితే, అమెరికాలో ఓ మనిషి కెమెరాను కాపాడాడు. 1980 మే 18న సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం బద్దలైంది. కొన్ని మైళ్ల దూరంలో ఉన్న ఫొటోగ్రాఫర్ రాబర్ట్ లాండ్స్‌బర్గ్‌కు ఇక తప్పించుకోలేనని అర్థమైంది. బూడిద మేఘం మీదికొస్తుంటే ఫొటోలు తీశాడు. రీలును వెనక్కి చుట్టి, కెమెరాను సంచిలో పెట్టి, దానిమీద తాను పడుకున్నాడు. 17 రోజుల తర్వాత ఆయన మృతదేహం దొరికింది. కింద రీలు భద్రంగా ఉంది. ఆ ఫొటోలు శాస్త్రవేత్తలకు ఉపయోగపడ్డాయి.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 1915. అంటార్కిటికా మంచులో షాకిల్టన్ బృందం ఓడ ‘ఎండ్యూరెన్స్’ నలిగిపోయింది. ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ గడ్డకట్టే నీళ్లలోకి దిగి గాజు నెగెటివ్‌లను బయటికి తెచ్చుకున్నాడు. బరువు మోయలేక వాటిలో చాలా భాగం పగలగొట్టాల్సి వచ్చింది. పెద్ద కెమెరాలనూ వదిలేశాడు. చివరికి మిగిలింది జేబులో పట్టే చిన్న కొడాక్, మూడు రీళ్లు. మంచు మీద నెలలు, తెరచాప పడవల్లో సముద్రం... అన్నీ దాటి, 1916లో ఎలిఫెంట్ దీవిలో చిక్కుకుపోయిన సహచరులను హర్లీ ఆ చిన్న కెమెరాతోనే ఫొటోలు తీశాడు.

గడియారం లాంటిదే!

ఇంతకీ ఈ పాత కెమెరాలకు అంత గట్టిదనం ఎక్కడిది? మహిమేమీ లేదు. కీ ఇచ్చే గడియారానికీ వీటికీ చుట్టరికం. మీట లాగితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. బటన్ నొక్కితే అది విడుదలవుతుంది. ఒక తెర పక్కకు జరిగి వెలుగును లోపలికి వదులుతుంది, వెంటనే రెండో తెర వచ్చి మూసేస్తుంది. అంతే, ఫొటో! వేగం తగ్గించి ఒక సెకను దగ్గర పెడితే చిన్న చిన్న పళ్ల చక్రాలు తిరిగే ‘జుయ్’ చప్పుడు కూడా వినిపిస్తుంది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్‌లో ఆ తెరలను టైటానియం రేకుతో చేశారు. ఫొటో తీయడానికి బ్యాటరీతో పనే లేదు.

1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎమ్2లో బ్యాటరీ ఉన్నా, అది వెలుగును కొలవడానికే. అయిపోయినా షట్టరు ఆగదు. అందుకే ఎడారుల్లో, కొండల్లో, కరెంటు లేని చోట్ల తిరిగే పత్రికల వాళ్లు దాన్ని అంతగా నమ్మారు. 1984లో స్టీవ్ మెకర్రీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి ఫొటో గుర్తుందా? అది తీసింది ఎఫ్ఎమ్2తోనే.

అలాగని పాతవన్నీ మొండివేం కాదు. లోపల సర్క్యూట్ మీద నడిచే పాత కెమెరాల్లో ఆ సర్క్యూట్ పోతే చాలావరకు కథ ముగిసినట్టే. గట్టిదనానికి అసలు కారణం లోహం ఒక్కటే కాదు... విప్పి బాగుచేసే వీలుండటం! స్క్రూలు విప్పొచ్చు, సొట్ట తీయొచ్చు, మూలనపడ్డ మరో కెమెరాలోంచి చక్రం తీసి వేయొచ్చు.

శత్రువు ఇంట్లోనే...

కిందపడ్డా, దుమ్ములో దొర్లినా తట్టుకున్న కెమెరాను నిజంగా చంపేది ఏమిటో తెలుసా? ఏళ్ల తరబడి బీరువాలో ఉండిపోవడం! పెళ్లికి, పుట్టినరోజుకు, తిరుపతి ప్రయాణానికి నాన్న మెడలో వేలాడిన కెమెరా ఫోన్లు రాగానే పాత చీరల వెనక్కి చేరింది. చెమ్మకు లెన్సు మీద సాలెగూడులా బూజు అల్లుకుంటుంది. లోపలి గ్రీజు గట్టిపడి చక్రాలు పట్టేస్తాయి. మరిచిపోయిన బ్యాటరీ కారి రాగి తీగలను తినేస్తుంది. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు మరీ తొందరగా పడుతుంది.

బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్-3తో 12 ఫొటోల రీలు ఆచితూచి వాడుకున్న ఇళ్లు ఎన్నో. ఆ ఇళ్ల పిల్లలకు చిన్ననాటి ఫొటోలంటూ ఉన్నాయంటే ఆ డబ్బా చలవే. అలాంటివి ఇప్పుడు పాత సామాన్లవాడి తక్కెడలోకి చేరుతున్నాయి.

వాటిని బాగుచేసే చేతులూ తగ్గిపోతున్నాయి. సన్నటి స్క్రూడ్రైవర్‌తో, షట్టరు చప్పుడు విని జబ్బు చెప్పగల మెకానిక్ పని పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. తెచ్చేవాళ్లు లేకపోతే నేర్చుకునేవాళ్లు ఎందుకు వస్తారు? ఆ చేయి ఆగిన రోజున ఎంత గట్టి కెమెరా అయినా ఇనుప ముక్కే.

అలా కాకూడదంటే...

* తోలు సంచి చెమ్మను పట్టి ఉంచుతుంది. కెమెరాను అందులోంచి తీసి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.
* వాడనప్పుడు బ్యాటరీ తీసేయండి.
* నెలకోసారి రీలు లేకుండానే అన్ని వేగాల్లో షట్టరు నొక్కండి.
* పట్టేసిందని కుట్టుమిషన్ నూనె వేయొద్దు. అది తెరల మీదికి పాకి ఉన్నదీ చెడగొడుతుంది.
* నీళ్లలో పడితే, అందులోనూ ఉప్పునీళ్లయితే, రేపటికి వాయిదా వేయకుండా మెకానిక్‌కు చూపించండి.

రీళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. 2024లో పెంటాక్స్ సంస్థ రీలును చేత్తో మీట లాగి తిప్పే కొత్త కెమెరానే తెచ్చింది. కాబట్టి ఈ ఆదివారం బీరువా సర్దేటప్పుడు చెయ్యి కాస్త వెనక్కి చాపి చూడండి. మీట కదిలితే మంచిదే. కదలకపోతే, బాగుచేసేవాళ్లు ఉన్నప్పుడే చూపించండి!