తట్టి చూడవలసిన చదువులు

“కొత్తొక వింత, పాతొక రోత” అన్నారు పెద్దలు. ఆ పెద్దలే మళ్ళీ “మా రోజుల్లో చదువులే చదువులు” అని నిట్టూరుస్తారు. చదువు సంగతి వచ్చేసరికి మన ఇళ్ళలో ఎప్పుడూ రెండు పక్షాలే. ఎక్కాలూ, పద్యాలూ కంఠతా పట్టించిన బడిని మించింది లేదంటుంది ఒక పక్షం. గోడకు తెర తగిలించి కదిలే బొమ్మలతో చెబితే తప్ప పాఠం బుర్రకెక్కదంటుంది రెండో పక్షం. మధ్యలో నలిగేది మాత్రం పుస్తకాల సంచీ మోసే పసివాడు.

నా మటుకు నాకు ఈ తగవు తీర్చే ఉపాయం గోదావరిఖని బొగ్గుబాయిలో దొరికింది. బాయి అంటే నీళ్ళ నుయ్యి అనుకునేరు! మా సింగరేణి వాళ్ళ భాషలో బాయి అంటే భూగర్భ గని. మా నాన్న అందులో టింబర్‌మన్. తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆయనకు అక్షరం ముక్క రాదు; జీతం పుచ్చుకున్నప్పుడు వేలిముద్రే. అయితే చేతి కర్రతో పైబండను తట్టి, చెవి ఒగ్గి, అక్కడ మనిషి నిలవవచ్చునో లేదో చెప్పేవాడు. ఖంగుమంటే బండ గట్టిది. డొల్లగా పలికితే పొర విడిందన్నమాట; ఇవతలికి వచ్చేయాలి. “బండ మాట్లాడ్తది బిడ్డా, మనం ఇనాలె” అనేవాడు. ఆయనకీ విద్య నేర్పింది ఆయనకన్న ముందు బాయిలో దిగిన మరో నిరక్షరాస్యుడు.

బాయిలో ఇంకో విద్య ఉండేది, దీపం విద్య. సర్దారు రక్షణ దీపం వత్తి తగ్గించి, జ్వాల మీద నీలిరంగు టోపీలాంటిది కనబడుతుందా అని చూసేవాడు. కనబడితే అక్కడ మీథేను ఉన్నట్టు. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ తయారుచేసిన దీపం సంతానమే అది. తరువాత అంకెల్లో లెక్క చూపే పరికరాలు వచ్చాయి. కంటికి అందని కొద్దిపాటి వాయువును కూడా అవి పట్టేస్తాయి. దీపం పక్కకు తప్పుకుంది. పైకప్పు సంగతీ అంతే. దుంగల స్థానంలో ఉక్కు బోల్టులు వచ్చాయి. ఇటు అడ్రియాల వంటి చోట్ల లాంగ్‌వాల్ యంత్రాలే బొగ్గు కోస్తూ, తలమీది కప్పును కూడా మోస్తున్నాయి. అయినా బండను తట్టి వినే అలవాటు మటుకు పోలేదు. ఎందుకంటే ఆ చప్పుడు ఇంకా నిజమే చెబుతోంది కనుక.

చూశారా? బాయిలో పాతదన్న గౌరవానికీ, కొత్తదన్న మోజుకూ కూడా చోటు లేదు. పొరబడితే పోయేది ప్రాణం. కాబట్టి దేన్నయినా తట్టి చూసి గట్టిదైతే ఉంచుతారు, డొల్లదైతే వదులుతారు. బడిలో పొరబడితే పోయేది వెంటనే కంటికి కనబడదు. అందుకే అక్కడ మనం ఇంత తీరికగా పక్షాలు కట్టగలుగుతున్నాం.

సరే, మన పాత వీధిబడినే తట్టి చూద్దాం. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడం, ముందు నేర్చిన పిల్లవాడు వెనక వచ్చినవాడికి చెప్పడం ఆ బడి పద్ధతి. 1789 ప్రాంతాల మద్రాసులో సైనికుల అనాథ బాలుర బడిని చూస్తున్న ఆండ్రూ బెల్ అనే దొర, స్థానిక బడిపిల్లలు ఇసుకలో రాయడం చూసి ముచ్చటపడ్డాడు. తన బడిలోనూ పెట్టమంటే అక్కడి పంతుళ్ళు మొరాయించారు. అప్పుడాయన ఎనిమిదేళ్ళ కుర్రాణ్ణి పిలిచి చిన్నపిల్లలకు పంతులుగా నిలబెట్టాడు. 1797లో ఇంగ్లండులో దీన్ని గురించి పుస్తకం అచ్చువేశాడు. మన అరుగుల మీది పాత పద్ధతి “మద్రాసు పద్ధతి” అన్న పేరుతో అక్కడ సరికొత్త విద్య అయి కూర్చుంది! 1832లో పోయిన ఆ దొర సమాధి లండనులో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఉంది.

అక్కడిదాకా ఖంగుమంది. మరి డొల్ల ఎక్కడ? తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ దొర బళ్ళారి కలెక్టరుగా 1823లో తన జిల్లా బడులను గురించి నివేదిక పంపాడు. 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క తేల్చాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడాన్ని మెచ్చుకుంటూనే, పిల్లలు పద్యాలు గడగడా అప్పగిస్తారు గాని అర్థం చిలక్కి తెలిసినంతే తెలుసునని వాపోయాడు. ఇక ఆ ఆరువేల చిల్లరలో ఆడపిల్లలు 60 మంది! అంటే తొమ్మిది బడులు గాలిస్తే ఒక్క పిల్ల. ఊరి చివర గుడిసెల్లో పిల్లలకైతే ఆ అరుగే దూరం. “మా రోజుల్లో” అని నిట్టూర్చేవారు ఈ డొల్లను కూడా ఒకసారి తట్టి వినాలి.

కొత్తవాటి సంగతీ చూడాలి కదా. చేతిపనితో కలిపి, మాతృభాషలో చదువు చెప్పాలని 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారు సభ జరిపారు. దాని పథకం రాసిన సంఘానికి అధ్యక్షుడు మన హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుసేన్. 1964–66లో కొఠారీ కమిషను కూడా చదువులో పని అనుభవం ఉండాలంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పదిరోజులు పిల్లలు సంచీ లేకుండా వచ్చి వడ్రంగి, కుమ్మరి వంటి పనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలంది. 83 ఏళ్ళు గడిచాక పదిరోజులకు వచ్చామన్నమాట! బాయి ఇంతకాలం ఆగలేదు. 1966లో వచ్చిన గనుల వృత్తిశిక్షణ నియమాల ప్రకారం కొత్త కార్మికుడికి ముందు శిక్షణ, ఆపైన అనుభవజ్ఞుడి పక్కన పని. వీధిబడి ఇసుకా, వార్ధా ఆశయమూ అక్కడ చెట్టాపట్టాలు వేసుకు నడిచాయి.

ఇక అందరినీ కలవరపెట్టే ఇంగ్లీషు మీడియం. పక్క క్వార్టరులో ఉండే కోల్‌ఫిల్లరు ఒకాయన కొడుకును ఇంగ్లీషు బడిలో వేశాడు. ఆ బడి పేరు మనకెందుకు లెండి. మార్కుల కార్డు ఇచ్చే రోజున నైట్‌షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. అక్కడి వాళ్ళు ఇంగ్లీషులో ఏదో చెప్పారు. ఈయన తల ఊపి వచ్చేశాడు. “ఏమన్నరే?” అని భార్య అడిగితే, “మంచిగనే సదువుతుండట” అన్నాడు. ఆ పిల్లవాడు లెక్కల్లో తప్పాడని నాలుగు రోజుల తరువాత గాని ఇంట్లో తెలియలేదు. బాయిలో అందరికన్న ముందు ప్రమాదం పసిగట్టే మనిషి, కన్నకొడుకు చదువులో ఏ బండ వదులైందో అడగలేకపోయాడు. ఇంగ్లీషు రావాలి, తప్పదు. కాని తండ్రిని గుమ్మం బయట నిలబెట్టే చదువు ఎంత మెరిసినా డొల్లే పలుకుతుంది.

2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. దాంతోపాటు వచ్చిన ఒక చిన్న కొత్తదనం నాకెంతో నచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ అదే పాఠం ఇంగ్లీషు. మా మనవరాలు ఆ పేజీ చదువుతుంది, వాళ్ళ నాయనమ్మ ఈ పేజీ చదువుతుంది. “నాన్నమ్మా, నా పేజీలో ఉన్నదే నీ పేజీలో ఉందా?” అని దాని అనుమానం. ఇద్దరూ వేలుపెట్టి వాక్యం వాక్యం సరిచూసుకుంటారు. ఇందులో వీధిబడి పాత సూత్రం ఉంది. ఒకరికి చెబుతూ ఒకరు నేర్చుకోవడం. కాకపోతే ఈసారి చెప్పేది చిన్నది, నేర్చుకునేది పెద్దావిడ.

అన్నట్టు, ఆ పిల్ల బాయి ఇంజనీరు అవుతానంటోంది. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలో పనికి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు ఆ తలుపు తీసింది. 60 మంది ఆడపిల్లల లెక్క నుంచి ఇక్కడిదాకా వచ్చాం. ఈ కొత్తదనాన్ని ఎన్నిసార్లు తట్టినా ఖంగుమనే అంటుంది.

మా ప్రాంతపు బడి పెద్దలకు నాదొక విన్నపం. ఆ సంచీ లేని పదిరోజుల్లో వడ్రంగినీ, కుమ్మరినీ తప్పక పిలవండి. వారితోపాటు గోదావరిఖని చౌరస్తాలో టీకొట్టు బల్లమీద కూర్చుని కాలక్షేపం చేస్తున్న రిటైరు టింబర్‌మన్‌ను కూడా ఒకపూట పిలవండి. రెండు రాళ్ళూ, ఒక కర్రా చాలు ఆయనకు. ఇంగ్లీషు మీడియం పిల్లలు చెవులు రిక్కించి వింటారు. ఆ పూట మార్కులు కూడా ఆయన చేతే వేయించండి. వేలిముద్ర అయినా ఫరవాలేదు.