ప్రెస్సులో చీటీల డబ్బా

‘ఐడియా ఏమైనా ఉందా?’

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ వారం వారం నేను జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఇది. ఆదివారం పుస్తకంలో పనిచేసేవాళ్లకి ఐడియాలే బియ్యం, పప్పులు. అవి నిండుకుంటే ఆ వారం పొయ్యి వెలగదు. అందుకే, వ్యాపారాల్లో కొత్త ఆలోచనలు ఎలా పుడతాయన్నదాని మీద ఏ పుస్తకం కనిపించినా కొనేస్తుంటాను. జపాన్‌ కార్ల ఫ్యాక్టరీలో ఏం చేశారు, అమెరికా ప్రకటనల కంపెనీలో ఏం చేశారు... చాలానే చదివాను. కొన్నింటి గురించి రాశాను కూడా. ఆ పద్ధతులు మన ఊళ్లో, మన ఇంట్లో పనిచేస్తాయా అన్నది చూసే అవసరం మాత్రం 2024 సంక్రాంతికి వచ్చింది. అదీ మా అక్కావాళ్లింట్లో!

మా బావకి గుడివాడలో ప్రింటింగ్‌ ప్రెస్సుంది. వాళ్ల నాన్నగారు ట్రెడిల్‌ మిషనుతో, సీసపు అక్షరాలతో మొదలుపెట్టారు. తర్వాత ఆఫ్‌సెట్‌ వచ్చింది, స్క్రీన్‌ ప్రింటింగ్‌ వచ్చింది. బిల్లు పుస్తకాలూ కరపత్రాలూ వేసినా ఇల్లు గడిచేది మాత్రం పెళ్లి శుభలేఖల మీదే. శివకాశి నుంచి రంగురంగుల ఖాళీ కార్డులు తెప్పించడం, వాటిమీద పెళ్లివారి వివరాలు అచ్చువేసి ఇవ్వడం. మాఘమాసం వస్తే అర్ధరాత్రి దాకా షట్టర్‌ దించేవాళ్లు కాదు.

వాట్సప్‌ వచ్చాక ఆ సందడి పోయింది. వధూవరుల ఫొటోలతో ఓ చిన్న వీడియో చేయించి ఊరందరికీ పంపేస్తున్నారు. వెయ్యి కార్డులు వేయించుకునే కుటుంబం రెండొందలతో సరిపెడుతోంది. ‘ఉగాది దాకా చూస్తాను. తర్వాత మిషన్లు అమ్మేసి, షాపు ఎవరికైనా అద్దెకిచ్చేస్తా’ అన్నాడు బావ, కనుమనాడు గారెలు తింటూ. అక్క ఏమీ మాట్లాడలేదు. మేనకోడలు ఇంజినీరింగ్‌ రెండో ఏడాది. ఆ ఫీజు ఆ ప్రెస్సు మీదే రావాలి. అక్కడ ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న కంపోజిటర్‌ ఒకాయన ఉన్నాడు. ఇంట్లో అందరికీ ఆయన బాబాయే. మిషన్‌ మీద మరో కుర్రాడు. షట్టర్‌ దిగితే వాళ్లిద్దరూ ఎక్కడికెళ్లాలి?

‘పేపర్లో రాస్తుంటావు కదోయ్‌ ఐడియాలూ అవీ... మాకూ ఒకటి పడేయరాదూ’ అన్నాడు బావ. వేళాకోళమే. నేను మాత్రం మర్నాడు పొద్దున్నే ప్రెస్సుకెళ్లి కూర్చున్నాను.

ఐడియా అనగానే అందరూ జవాబుల కోసం వెతుకుతారు. నాకు తెలిసినంతలో సగం పని ప్రశ్నను సరిగ్గా పట్టుకోవడంలోనే ఉంది. టయోటా కంపెనీలో దీనికో పద్ధతి ఉంది... ‘ఎందుకు?’ అని ఒకదాని వెనక ఒకటిగా ఐదుసార్లు అడగడం. ఆ కంపెనీ ఉత్పత్తి విధానాన్ని తీర్చిదిద్దిన తైచి ఓనో దీన్ని ఓ మిషను ఉదాహరణతో చెప్పేవారు. మిషను ఎందుకు ఆగింది? ఫ్యూజు పోయింది. ఎందుకు పోయింది? బేరింగుకి నూనె అందక లోడు పెరిగింది. నూనె ఎందుకు అందలేదు? పంపు సరిగ్గా తోడలేదు. ఎందుకు తోడలేదు? దాని ఇరుసు అరిగింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేకపోవడంతో ఇనుపరజను లోపలికి పోయింది. మొదటి జవాబు దగ్గరే ఆగితే ఫ్యూజు మార్చి చేతులు దులుపుకునేవాళ్లు. నాలుగురోజులకి మళ్లీ అదే గోల!

అదే వరసలో బావని అడిగాను. ఆదాయం ఎందుకు తగ్గింది? ‘పెళ్లివాళ్లు రావట్లేదు.’ ఎంతమంది తగ్గారు? ‘సగానికి సగం.’ అక్క లోపలికెళ్లి మూడేళ్ల ఆర్డరు పుస్తకాలు తెచ్చి ముందు పడేసింది. లెక్కపెడితే తేలిందేంటంటే... వచ్చే కుటుంబాలు పెద్దగా తగ్గలేదు. ఒక్కో కుటుంబం వేయించుకునే కార్డులే తగ్గాయి. మరి వాట్సప్‌ ఉండగా ఆ కాసిని కార్డులైనా ఎందుకు? ‘దేవుడి దగ్గర పెట్టాలి కదా. పెద్దవాళ్లకి పసుపూ కుంకుమా అద్ది చేతికివ్వాలి. ఫోన్లో పిలిస్తే మేనమామ అలగడూ?’ అంది అక్క. సరే, వాటికోసం ఈ ప్రెస్సుకే ఎందుకొస్తున్నారు? దీనికి బావ దగ్గర జవాబు లేదు. మూలన కంప్యూటర్‌ ముందున్న బాబాయే నెమ్మదిగా అన్నాడు... ‘పేర్ల కోసం బాబూ. ఏ ఇంట్లో ఎవరి పేరు ముందుండాలో, ఎవరిది వదిలేస్తే గొడవవుతుందో మనకి తెలుసు కదా.’

ఒక్కసారిగా అందరం ఆయన వైపు తిరిగాం. అప్పటిదాకా ‘కొత్త గిరాకీ ఎలా తేవాలి’ అని కదా మా బాధ! అడగాల్సిన ప్రశ్న వేరు. ‘ఎలాగూ మన గుమ్మం తొక్కుతున్న కుటుంబానికి కార్డు కాక ఇంకేం చేసిపెట్టగలం?’

ఇక ఐడియాలు. నలుగురూ కూర్చుని తోచింది తోచినట్టు చెప్పుకునే పద్ధతికి పేరు తెచ్చింది అలెక్స్‌ ఆస్‌బోర్న్‌. అమెరికాలో బీబీడీఓ అనే ప్రకటనల సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆ పేరులోని ‘ఓ’ ఆయనదే. 1953లో వచ్చిన ఆయన పుస్తకం ‘అప్లయిడ్‌ ఇమాజినేషన్‌’తో ఈ బ్రెయిన్‌స్టార్మింగ్‌ ఊరూవాడా పాకింది. నియమాలు నాలుగే. ఎవర్నీ విమర్శించకూడదు. ఎంత విడ్డూరంగా ఉన్నా చెప్పేయాలి. ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది. ఒకరి మాటకి మరొకరు ఇంకాస్త కలపాలి.

వినడానికి బాగుంది. కానీ, 1958లో యేల్‌ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని పరీక్షకు పెట్టారు. కొందర్ని నలుగురేసి చొప్పున కలిపి కూర్చోబెట్టారు, మరికొందరిని ఎవరికివారుగా ఆలోచించమన్నారు. విడిగా కూర్చున్న నలుగురి జాబితాలు కలిపితే గుంపు జాబితా కన్నా ఎక్కువ ఐడియాలొచ్చాయి, మంచివీ ఎక్కువే. ఎందుకో ఊహించడం కష్టమేం కాదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోపు తమది మర్చిపోతారు. పైగా, మన ఇళ్లలో యజమాని ముందు పనివాళ్లు, మావగారి ముందు కోడలు నోరు తెరుస్తారా? సరదాకైనా విమర్శించొద్దంటే మాత్రం ఊరుకునే బావ ఉంటాడా?

అందుకే నోటితో మొదలుపెట్టనివ్వలేదు. కార్డులు కత్తిరించగా మిగిలిన ముక్కలు ప్రెస్సులో బోలెడుంటాయి. బావ, అక్క, మేనకోడలు, బాబాయ్‌, మిషన్‌ కుర్రాడు, అక్క అత్తగారు... ఆరుగురికీ తలా ఐదు ముక్కలిచ్చాను. పావుగంట మౌనవ్రతం. చీటీకి ఒక్క ఐడియా, పేరు రాయకూడదు. రాసినవి ఖాళీ ఇంకు డబ్బాలో వేయాలి. ఇరవయ్యారు చీటీలొచ్చాయి. మేనకోడలు ఒక్కోటీ తీసి చదివింది. ‘ఎదురు షాపు వాడి దిష్టి తగిలింది, తీయించాలి’ అన్న చీటీ ఎవరిదో చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది. అత్తయ్య మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంకో కిటుకు ప్రశ్నను తలకిందులు చేయడం. ‘ఈ ప్రెస్సు వీలైనంత త్వరగా మూతపడాలంటే ఏం చేయాలి?’ అన్నాను. ‘పండగపూట అవేం మాటల్రా! తథాస్తు దేవతలుంటారు’ అని అత్తయ్య కోప్పడింది. ఆవిడ కాఫీ పెట్టడానికి లేచి వెళ్లాక చీటీలు పంచాను. మంచి మాటలు రాయమంటే ఆగి ఆగి రాసినవాళ్లు చెడగొట్టమంటే చకచకా రాసేశారు. ప్రూఫు చూపించకుండా అచ్చేయాలి, అడ్వాన్సు తీసుకుని తేదీ మర్చిపోవాలి, వచ్చినవాళ్లని నిలబెట్టే మాట్లాడాలి, సాయంత్రం ఏడింటికే షట్టర్‌ దించేయాలి... చివరి రెండూ చదవగానే నవ్వులాగిపోయాయి. గిరాకీ లేదన్న నీరసంతో అప్పటికే ఆ రెండూ చేస్తున్నారు మరి. పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఎనిమిదింటికి శుభలేఖ పట్టుకొచ్చే తండ్రికి తాళమే కనిపిస్తోంది. ఆ రోజు నుంచే షాపు తొమ్మిదిన్నర దాకా తెరిచుంచడం మొదలుపెట్టారు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆస్‌బోర్న్‌ బ్రెయిన్‌స్టార్మింగ్‌ కన్నా నాకు బాగా నచ్చేది ఆయన ప్రశ్నల జాబితా. ఉన్న వస్తువుని పట్టుకుని... పెద్దది చేస్తే? చిన్నది చేస్తే? మరోదానితో కలిపితే? ఇంకో పనికి వాడితే? అని వరసగా అడుగుతూ పోవడం. ‘చిన్నది చేస్తే’ అన్న ఒక్క ప్రశ్న ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే కిరాణా కొట్టు ముందు వేలాడే షాంపూ ప్యాకెట్లు చూస్తే చాలు. తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్‌ అనే ఆయన సాషే ఆలోచనకు దారి చూపితే, ఆయన కొడుకు సి.కె.రంగనాథన్‌ 1983లో 15 వేల రూపాయలతో మొదలుపెట్టి ‘చిక్‌’ షాంపూని పల్లెపల్లెకీ తీసుకెళ్లారు. సీసా కొనలేని ఇల్లు కూడా ఒక తలంటుకు సరిపడా కొనుక్కోగలిగింది.

మా ప్రెస్సులో ‘చిన్నది చేస్తే’కి వచ్చిన జవాబు... దేవుళ్లకీ, దగ్గరి పెద్దలకీ మాత్రమే సరిపోయేలా పాతిక కార్డుల కట్ట. మందపాటి కార్డు, ఖరీదూ ఎక్కువే. అందరికీ ఫోన్లోనే పంపేసే కుటుంబం కూడా వద్దనదు. ‘మరోదానితో కలిపితే’కి మేనకోడలు జవాబిచ్చింది... కార్డు మీద ఓ మూల క్యూఆర్‌ కోడ్‌ వేస్తే, ఫోనుతో చూడగానే ఫంక్షన్‌ హాలుకి దారి కనిపిస్తుంది. బాబాయ్‌కి ముందు ఆ చదరం నచ్చలేదు. లక్ష్మీదేవి బొమ్మకి దూరంగా, వెనక వైపు వేసే షరతు మీద ఒప్పుకున్నాడు.

అసలు ఐడియా మాత్రం పక్కషాపు నుంచి వచ్చింది. ఇక్కడ చింతకింది మల్లేశం గారి గురించి చెప్పాలి. ఆలేరు ప్రాంతం చేనేత కుటుంబం. చీరకి ఆసు పోయడానికి వాళ్లమ్మ లక్ష్మి దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాల్సి వచ్చేది. ఆ భుజాల నొప్పి చూడలేక 1992లో యంత్రం తయారీ మొదలుపెట్టారాయన. అప్పులయ్యాయి. బతుకుతెరువుకు హైదరాబాద్‌ వచ్చి ఎలక్ట్రికల్‌ పనులు చేసుకున్నారు. ఎన్నాళ్లకీ ఒక్క కదలిక దగ్గర చిక్కుముడి వీడలేదు. 1999లో బాలానగర్‌లోని ఓ యూనిట్‌కి పనిమీద వెళ్లినప్పుడు అక్కడి యంత్రంలో సరిగ్గా ఆ కదలికే కనిపించింది. అలా పూర్తయిందే లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ బాలానగర్‌ యంత్రాన్ని ఇంకెందరు చూసుంటారు! మల్లేశం మాత్రం ఏడేళ్ల ప్రశ్నని మనసులో పెట్టుకుని చూశారు.

‘మీరందరూ ఓ వారం పాటు ఈ బజార్లో తిరగండి. ఏ షాపువాడు ఏం చేసి గిరాకీని కట్టిపడేస్తున్నాడో చూసి చీటీ రాయండి’ అని చెప్పి నేను హైదరాబాద్‌ బండెక్కాను. వారం తిరక్కుండానే అక్క ఫోను. డబ్బాలో చీటీ దొరికిందట. ‘టైలరు దగ్గర కొలతల పుస్తకం ఉంటుంది. ఒకసారి కొలతలిచ్చినవాడు ఇంకో టైలరు దగ్గరికి పోడు. మన దగ్గర పేర్ల పుస్తకం ఉంటే?’ దస్తూరీ బాబాయ్‌ది. ముప్ఫై ఏళ్లలో ఆయన యజమానికి సలహా చెప్పడం అదే మొదటిసారి అంది అక్క.

ఆ చీటీ నుంచి పుట్టిందే చదివింపుల పుస్తకం. పెళ్లిలో చదివింపులు ఇప్పటికీ ఏ లాంగ్‌నోట్‌బుక్‌లోనో రాస్తారు. ఎవరు ఎంత చదివించారో వెతుక్కోవాలంటే ఆ ఇంటి పెద్దావిడకి తల ప్రాణం తోకకొస్తుంది. దాన్ని గట్టి అట్టతో, వధూవరుల పేర్లతో, ఊళ్లవారీగా బంధువుల పేర్లు ముందే అచ్చువేసి ఇస్తారు. ఆ జాబితా ప్రెస్సులో దాచిపెడతారు, ఇంటివాళ్ల అనుమతితోనే. రేపు సీమంతమైనా, బారసాలైనా, గృహప్రవేశమైనా పేర్లు వెతుక్కోనక్కర్లేదు... ఆ కుటుంబం మళ్లీ ఇక్కడికే వస్తుంది.

మిగతా చీటీలన్నీ వెంటనే మొదలుపెట్టనివ్వలేదు. పదిహేను రోజుల్లో, ఐదువేలలోపు ఖర్చుతో చేసి చూడగలిగినవే బయటికి తీశారు. తక్కినవి డబ్బాలోకే వెళ్లాయి. ఆ మాఘంలో పదకొండు పెళ్లిళ్లకు ఏడు కుటుంబాలు పుస్తకం తీసుకున్నాయి. పాతిక కార్డుల కట్ట మూడిళ్లకు వెళ్లింది. క్యూఆర్‌ కోడ్‌ని అందరూ మెచ్చుకున్నారు, దానికి డబ్బులిమ్మంటే మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఉగాది వెళ్లింది, మిషన్లు అమ్మలేదు. అయితే, అదంతా చీటీల మహిమ అంటే అతిశయోక్తే. 2024 మేలో ఎన్నికలొచ్చాయి. ఆ కరపత్రాల పని రెండు నెలలు ఊపిరి పోసింది. అది ఐదేళ్లకోసారి వచ్చే పండగ.

ఆ వేసవిలో మూఢం వచ్చి ముహూర్తాలే లేకుండాపోయాయి. ఎన్నికలు కూడా లేకపోయుంటే ఏమయ్యేదో! అందుకే ‘ముహూర్తాలు లేని నెలల్లో ఏం చేయాలి?’ అని బాబాయ్‌ ఓ అట్టముక్క మీద రాసి డబ్బాకి అంటించాడు. దానికి మిషన్‌ కుర్రాడు రాసిన చీటీ బావకి నచ్చింది. జూన్‌లో పెళ్లిళ్లు లేకపోతేనేం, బడులు తెరుస్తారు. నోటు పుస్తకాలకి అంటించడానికి పిల్లల పేరు, తరగతి, సెక్షన్‌ అచ్చువేసిన లేబుళ్లు. మళ్లీ పేర్లే! 2025 జూన్‌లో నమూనాలు పట్టుకుని రెండు బడులకు వెళ్లారు. ఒక బడి నాలుగొందల మంది పిల్లలకు ఆర్డరిచ్చింది. రెండో బడి హెడ్మాస్టరు ‘పిల్లలు చేత్తో రాసుకుంటేనే దస్తూరీ కుదురుతుందండీ’ అని టీ ఇచ్చి పంపారట. బావ ఆ మాట కూడా ఓ చీటీ మీద రాసి డబ్బాలో వేశాడు.