పండగ మనది, పరీక్ష వాళ్లది

దసరా సెలవులు ఎప్పటి నుంచో తెలియగానే మీ ఇంట్లో ముందుగా ఏం చేస్తారు? మా ఇంట్లో అయితే అటక మీది సూట్‌కేసు దించుతాం. 2024 దసరాకు సింగపూర్‌లో ఉన్న మా చెల్లి వాళ్లింటికి వెళ్లాం. నేను, మావారు, ఏడో తరగతి బాబు, నాలుగో తరగతి పాప, మాతోపాటు మా అమ్మ. అమ్మ చిన్న కూతురి ఇంటికి వెళ్లి అప్పటికి మూడేళ్లైంది.

బయల్దేరేముందు నేనొక జాబితా రాసుకున్నాను. ఏడు రోజులు, పద్నాలుగు చోట్లు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. పిల్లలకు ఒక్క పూట కూడా వృథా కాకూడదని నా ఆరాటం. మీలో చాలామంది ఇలాగే చేస్తారని నాకు తెలుసు.

మొదటి మూడు రోజులూ జాబితా ప్రకారమే నడిచాయి. గార్డెన్స్ బై ద బేలో 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న సూపర్‌ట్రీల కింద వెల్లకిలా పడుకుని, పిల్లలు రాత్రి లైట్ షో చూశారు. దానికి టికెట్ లేదు. 1827లో వెలసిన శ్రీ మారియమ్మన్ గుడికి వెళ్లాం. ఆ దేశంలో అన్నిటికన్నా పాత హిందూ దేవాలయం అదే. లిటిల్ ఇండియాలో మల్లెపూల మూరలు, అరిటాకు భోజనం చూసి అమ్మ, "ఇది పరాయి దేశమంటే నమ్మను" అంది. రోజూ రాత్రి తొమ్మిది దాటాక ఇల్లు చేరేవాళ్లం. ఆ తర్వాత స్నానాలు, భోజనాలు, ఫొటోలు, టీవీ, నవ్వులు. రెండు పడగ్గదుల ఇల్లు, మొత్తం ఎనిమిది మందిమి.

నాలుగో రోజు రాత్రి మావారు పాలు తేవడానికి కిందికి వెళ్తుంటే పాప కూడా వెళ్లింది. తిరిగొచ్చి, "అమ్మా, అక్క కింద కూర్చుని చదువుకుంటోంది" అంది.

నేను దిగి వెళ్లాను. అక్కడి ప్రభుత్వ అపార్ట్‌మెంట్లలో కింది అంతస్తును గోడలు లేకుండా ఖాళీగా వదిలేస్తారు. దాన్ని వాయిడ్ డెక్ అంటారు. అక్కడున్న రాతి బల్ల దగ్గర మా చెల్లి కూతురు లెక్కలు చేసుకుంటోంది. పక్కన వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "పైన కాస్త సందడిగా ఉంది కదా వదినా, ఇక్కడైతే గాలి కూడా బాగుంటుందని..." అన్నాడు.

పైకొచ్చి చెల్లిని అడిగితే అప్పుడు చెప్పింది. అక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలై నవంబరులో ముగుస్తుంది. మన పిల్లలకు దసరా సెలవులిచ్చే అక్టోబరులోనే అక్కడి పిల్లలకు సంవత్సరాంతపు పరీక్షలు. దీపావళికి ప్రభుత్వ సెలవుంది కానీ దసరాకు లేదు. పాపకు మరో వారంలో పరీక్షలు. చెల్లి, మరిది పగలంతా ఆఫీసుకు వెళ్లొచ్చి, రాత్రి మాకు వండిపెడుతున్నారు.

"ముందే చెప్పొచ్చు కదే" అన్నాను.

"చెబితే మీరు రారు కదక్కా. పరీక్షలు ప్రతి ఏడూ వస్తాయి. అమ్మ రాదు కదా."

ఆ రాత్రి నా జాబితా తీసి చూసుకున్నాను. పద్నాలుగు చోట్ల పేర్లున్నాయి. చెల్లితో గడపడానికని ఒక్క పూట కూడా రాసుకోలేదు.

మర్నాటి ఒక పార్కు టికెట్లు ముందే కొనేశాం. ఆ డబ్బు తిరిగి రాదు. నిజం చెప్పాలంటే, మావారు, నేను చాలాసేపు ఆ డబ్బు గురించే మాట్లాడుకున్నాం. చివరికి బాబును తీసుకుని ఆయన ఒక్కరే వెళ్లొచ్చారు. మిగతా జాబితా సగానికి సగం కొట్టేశాను. చెల్లి కూతురు బడిలో ఉన్న వేళ మేం బొటానిక్ గార్డెన్స్ చూశాం. 2015లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించిన తోట అది, లోపలికి వెళ్లడం ఉచితం. తను ఇంటికొచ్చే వేళకు టీవీ ఆపేసి, అన్నం వండి ఉంచేవాళ్లం. సాయంత్రం ఒక గంట ఆట, తర్వాత చదువు. మా పాప కూడా తన హాలిడే హోంవర్క్ తెచ్చుకుని ఆ అక్క పక్కనే కూర్చునేది. మా బాబు మాత్రం ఒక రోజంతా అలిగాడు. అలగనిచ్చాం.

దసరా శనివారం వచ్చింది కాబట్టి ఆ రోజు అందరం ఇంట్లోనే ఉన్నాం. బళ్లో మాతృభాష నేర్పిస్తారు కానీ, నేర్పే భారతీయ భాషల్లో తెలుగు లేదు. అందుకని ఆ పిల్ల హిందీ చదువుతోంది. అమ్మ పళ్లెంలో బియ్యం పోసి దాన్ని పిలిచింది. "పదకొండేళ్లకు అక్షరాభ్యాసమా!" అని మరిది నవ్వాడు. అమ్మ పట్టించుకోలేదు. వేలు పట్టుకుని 'అమ్మమ్మ' అని రాయించింది. రెండోసారి ఆ పిల్ల తనంతట తనే రాసింది. జమ్మి ఆకు లేదు కాబట్టి పిల్లలు ముగ్గురూ పచ్చ కాగితం ఆకులుగా కత్తిరించి, పెద్దల చేతుల్లో పెట్టి దండం పెట్టారు. మా చెల్లి కూతురు మొదటి ఆకు అమ్మమ్మ చేతిలోనే పెట్టి "బంగారం" అంది. ఆ కాగితం ఇప్పటికీ అమ్మ పర్సులో ఉంది.

తర్వాత ఫోన్‌లో పరీక్షలు ఎలా రాశావని అడిగితే, "మ్యాథ్స్ కొంచెం కష్టం పెద్దమ్మా" అంది. మా వల్లేనా అని అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఈ సెలవుల్లో మీరూ ఏ అమెరికాకో, దుబాయ్‌కో మీ వాళ్ల దగ్గరికి బయల్దేరుతుంటే, టికెట్లు కొనేముందు ఒక్క పని చేయండి. వాళ్ల పిల్లల స్కూల్ క్యాలెండర్ అడగండి. "ఎప్పుడైనా రండి" అనే అంటారు, అది మర్యాద. "పరీక్షలెప్పుడు, మీకు సెలవు దొరికేదెప్పుడు" అని మనమే విడివిడిగా అడగాలి. చూడాల్సిన చోట్ల జాబితాలో కనీసం రెండు పూటలు ఖాళీగా ఉంచండి. ఆ పూటల్లో వంట మీరు చేయండి. ఇదంతా పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి, మా బాబులా అలగకుండా ఉంటారు.

అక్కడి పెద్ద సెలవులు నవంబరు మధ్య నుంచి డిసెంబరు చివరి దాకా. ఈసారి వాళ్లే మా ఇంటికి వస్తామన్నారు. మన పిల్లలకు అప్పుడు స్కూలు ఉంటుంది. ఫోన్ చేసి చెల్లి అడిగిన మొదటి మాట ఇదే: "అక్కా, డిసెంబరులో పిల్లలకు పరీక్షలెప్పుడు?"